రాజుగారి ఆగని మాటలు

బ్రిటన్‌ రాజు మూడో జార్జ్‌ పేరు మీరు వినే ఉంటారు. అమెరికా చేజారింది ఆయన హయాంలోనే. 1788లో, 50 ఏళ్ల వయసులో ఆయనకు నిద్ర కరవైంది. గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడుతూనే ఉండేవారు. వైద్యులు కుర్చీకి కట్టేసి అదుపు చేశారు. కొన్ని నెలలకు తేరుకున్నారు. 1801లో, 1804లో జబ్బు మళ్లీ వచ్చి తగ్గింది. 1810లో గారాల కూతురు అమీలియా మరణశయ్య మీద ఉండగా తిరగబెట్టింది. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. ఈసారి కోలుకోలేదు. చూపు, వినికిడి కోల్పోయి, 1820లో విండ్సర్‌ కోటలో కన్నుమూశారు.

దీన్ని చాలాకాలం పోర్ఫైరియా అనుకున్నారు. బైపోలార్‌ డిజార్డర్‌ కావొచ్చని ఇప్పుడు చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నట్టుండి నిద్ర మాని హుషారుగా తిరుగుతున్నా, అదేపనిగా మాట్లాడుతున్నా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేస్తున్నా చాదస్తమని సరిపెట్టుకోకండి. ఎప్పుడో తగ్గిన జబ్బు ముసలితనంలోనూ తిరగబెట్టొచ్చు. థైరాయిడ్‌ సమస్య, పక్షవాతం, స్టిరాయిడ్‌ మందులతోనూ ఇలా కావొచ్చు. వెంటనే డాక్టర్‌కు చూపించండి. రాజుగారికి దొరకని లిథియం వంటి మందులు ఇప్పుడున్నాయి. పెద్దవయసులో లిథియం మోతాదు తక్కువగా ఇస్తారు. రక్తంలో దాని స్థాయి, కిడ్నీ, థైరాయిడ్‌ పరీక్షలు తప్పనిసరి. సొంతంగా మాత్రం ఆపెయ్యకండి.