మన్రో దొర, నా జాయిన్ క్వెరీ

ఫ్రెండ్స్, ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు తెలుగు అంటే రోజుకి ఒక్క పీరియడే. తప్పులుంటే సర్దుకోండి. ఈసారి థామస్ మన్రో గురించి రాస్తున్నా. సీఎస్ఈ వాడికి మన్రోతో ఏం పని అనుకుంటున్నారా? డీబీఎంఎస్ మినీ ప్రాజెక్ట్‌లో వచ్చిన ఒక బగ్ నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది.

ప్రాజెక్ట్ చిన్నదే. ఊళ్ళో ఏ రైతు ఏ పొలంలో ఈ ఏడు ఏ పంట వేశాడో చూపించే వెబ్ యాప్. రైతుల టేబుల్ ఒకటి, పంటల టేబుల్ ఒకటి, రెండింటినీ కలిపే ఒక జాయిన్ క్వెరీ. శాంపిల్ డేటా మా ఊరిదే పెట్టుకున్నా. సెలవులకి ఇంటికెళ్ళి మా జేజినాయనకి గర్వంగా ఫోన్‌లో చూపించా. ఆయన జాబితా పైనుంచి కిందిదాకా చూసి, మరి నా పేరేదిరా అన్నాడు.

నిజంగానే లేదు. ఎర్రర్ రాలేదు, పేజీ బాగానే తెరుచుకుంది, మనిషి మాత్రం మాయం. ఆ ఏడు అదునులో వాన పడక జేజినాయన వేరుశనగ వేయలేదు. పంటల టేబుల్‌లో ఆయనకి రో లేదు. నేను రాసింది ఇన్నర్ జాయిన్. రెండు వైపులా రో ఉన్నవాళ్ళనే అది చూపిస్తుంది. అంటే కరువు దెబ్బ తగిలినవాళ్ళే నా యాప్‌లో కనపడకుండా పోయారు. వెంటనే లెఫ్ట్ జాయిన్‌గా మార్చా. అయినా రాలేదు!

ఆ రాత్రి విసుగొచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, అసలు మన వైపు రైతు రైతుకీ లెక్క రాయడం ఎప్పుడు మొదలైందా అని చదవడం మొదలుపెట్టా. అలా దొరికాడు మన్రో.

1761లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. నాన్న వ్యాపారి. అమెరికా యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతింది. 1780లో మద్రాసులో దిగేటప్పటికి మన్రోకి 18 ఏళ్ళు, నాకంటే ఒక ఏడు చిన్న. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి హైదర్ అలీతో జరిగిన యుద్ధంలో పాల్గొన్నాడు. తర్వాత సేలం వైపు బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద ఏడేళ్ళు శిస్తు పని నేర్చుకున్నాడు.

1800లో నిజాం మన సీమనీ బళ్ళారినీ కంపెనీకి ఇచ్చేశాడు. వాటినే దత్త మండలాలు అన్నారు. వాటికి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా మన్రో వచ్చి అనంతపురంలో మకాం పెట్టాడు. అప్పటికి దాదాపు 80 మంది పాలెగాళ్ళున్నారు. వాళ్ళ బలాన్ని సైన్యంతో అణిచాడు. ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. కంపెనీకి శిస్తు రాబట్టడమే ఆయన ఉద్యోగం.

కానీ ఆ ఉద్యోగం చేసిన పద్ధతే నన్ను ఆపింది. బెంగాల్లో కంపెనీ జమీందారుతో లెక్క తేల్చుకునేది. మన భాషలో చెప్పాలంటే గ్రూప్ బై పెట్టి టోటల్ ఒక్కటే చూసుకోవడం. మన్రో అలా కాదు, ఒక్కో రైతుకి ఒక్కో రో ఉండాలన్నాడు. అదే రైత్వారీ. 1802 నుంచి 1807 దాకా 33 అడుగుల గొలుసుతో చేను చేనూ కొలిపించాడు. అలాంటి గొలుసు చదరం ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరా. ప్రతి చేనుకీ నంబర్, నంబర్ పక్కన రైతు పేరు, విస్తీర్ణం, నేల రకం, శిస్తు. కొలిచినదాన్ని మళ్ళీ తనిఖీ చేయడానికి వేరే మనుషులు. ఆయన కూడా ఊరూరా గుడారం వేసుకుని తిరిగేవాడు.

అంత చేశాక తన టేబుల్‌లోనే తప్పుందని ఆయనే చెప్పాడు. కొలతల్లో కాదు, శిస్తు కాలమ్‌లో. పండినదాంట్లో సర్కారు వాటా మూడో వంతు దాటకూడదు, అందుకు 25 శాతం తగ్గించాలి అని 1807లో పైవాళ్ళకి రాశాడు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. ఆ 25 శాతం అంటే ఒక ఇంట్లో తిండిగింజలు.

పైవాళ్ళు ఒప్పుకోలేదు. ఆ ఏడే మన్రో దేశం వెళ్ళిపోయాడు. ఆయన వెనక రైత్వారీని పక్కన పెట్టి ఊళ్ళని గుత్తకిచ్చారు, మొదట మూడేళ్ళకి, తర్వాత పదేళ్ళకి. ఊరంతా కలిపి ఒక అంకె. రైతు మళ్ళీ టోటల్‌లో కలిసిపోయాడు.

ఇది చదువుతుంటే నా బగ్ తట్టింది. లెఫ్ట్ జాయిన్ జేజినాయన రోని తెచ్చింది, పంట కాలమ్స్‌లో నల్ పెట్టి. కానీ కింద వేర్‌లో పంట సంవత్సరం ఈ ఏడే కావాలని షరతు రాశా. నల్ ఏ సంవత్సరానికీ సమానం కాదు కదా. పైన చేర్చినవాణ్ణి కింద నేనే తోసేశా. ఆ షరతుని వేర్ నుంచి తీసి ఆన్‌లోకి మార్చా. జేజినాయన వచ్చేశాడు.

మన్రోకి తన తప్పు సరిచేయడానికి 13 ఏళ్ళు పట్టింది. 1820లో మద్రాసు గవర్నర్‌గా తిరిగొచ్చాక రైత్వారీ మళ్ళీ పెట్టారు, మెట్ట భూములకి ఆ 25 శాతం తగ్గించారు. 1827లో పదవి వదిలి ఇంటికెళ్ళే ముందు, చివరిసారి చూసిపోదామని సీమకి వచ్చాడు. జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తి కోట కింద పాతిపెట్టారు. 1831లో అస్థికల్ని మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. మన వైపు కొందరు పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

నేను నేర్చుకున్నది ఒకటే. ఎర్రర్ రాలేదంటే క్వెరీ కరెక్ట్ అని కాదు. జాయిన్‌కి ముందు ఎంతమంది రైతులున్నారో, తర్వాత ఎంతమంది మిగిలారో ఒకసారి లెక్కపెట్టండి. తేడా వస్తే, తగ్గిన ఆ మనుషులెవరో పేరు పేరునా చూడండి. ఇప్పుడు నా యాప్‌లో జేజినాయన పేరుంది. పక్కన పంట గడి ఖాళీగా ఉంది. దాన్ని ఖాళీగానే వదిలేశా.