సవర బిడ్డలకు చదువు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు

నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయమును ఈ నెల మరల ఒకసారి చదువుకొనవలెనని కోరుచున్నాము. చెరనుండి తిరిగి వచ్చిన జనులు నీటి గుమ్మము ఎదుట కూడుకొనిరి. ఎజ్రా తెల్లవారినది మొదలు మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రమును చదివెను. అయితే చదివినంత మాత్రమున పని తీరలేదు. లేవీయులు జనుల మధ్య నిలిచి, చదివినదాని భావమును వారికి తెలియజెప్పిరి. జనులు గ్రహించిరి గనుకనే మొదట ఏడ్చిరి. గ్రహించిరి గనుకనే తరువాత సంతోషించిరి.

ఈ అధ్యాయము చదువునప్పుడెల్ల మాకు ఒక కోయ పిల్లవాడు జ్ఞాపకము వచ్చును. మేము సెమినరీ చదువు ముగించుకొని భద్రాచలము అడవి అంచున నున్న పల్లెకు వచ్చిన మొదటి వేసవిలో, మందిరపు వసారాలో రాత్రి బడి పెట్టితిమి. ఆరేండ్ల బిడ్డ ఒకడు పలక పట్టుకొని కూర్చుండి, ఏరు కావలెనని అడిగెను. చీకటి వేళ ఏటికి పోవుటెందుకని మేము గద్దించి కూర్చుండబెట్టితిమి. మరల అడిగెను, మరల గద్దించితిమి. మూడవసారి అడుగలేదు. అటు పోవుచున్న ముసలమ్మ యొకతె చూచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇయ్యగా, వాడు ఒక్క గుక్కలో త్రాగివేసెను. తెలుగులో ఏరు అనగా వాగు. కోయలో ఏరు అనగా నీళ్లు. దప్పిగొన్న బిడ్డను నీళ్లు అడిగినందుకు గద్దించిన పంతులము మేము. వాడు మరునాడు బడికి రాలేదు, ఆ తరువాత ఎన్నడును రాలేదు. ఇప్పుడు పెండ్లియై పిల్లలు గలవాడు. కాగితము మీద వ్రేలిముద్ర వేయును.

మేము చేసిన యీ తప్పు ఎటువంటిదో నూరేండ్లకు పైగా ముందే గుర్తెరిగి, దానిని దిద్దుటకు తన ఆయుష్కాలములో పెద్ద భాగము వెచ్చించిన ఉపాధ్యాయు డొకడు కలడు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన మన సంఘమువాడు కాడు, బ్రాహ్మణ కుటుంబములో పుట్టినవాడు. అయినను లేవీయుల పని చేసినవాడు గనుక ఆయన కథ మనము తెలిసికొనదగినది.

మన గోదావరి అడవులకు ఈశాన్యముగా చాల దూరమున వంశధార యను నది కలదు. దాని ఒడ్డున శ్రీముఖలింగము దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న రామమూర్తి జన్మించెను. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. 1875లో జ్వరముతో చనిపోయెను. తండ్రిలేని పండ్రెండేండ్ల పిల్లవాడు విజయనగరములో మేనమామ యింట నుండి చదువుకొని, 1879లో మెట్రిక్యులేషన్ పరీక్ష నెగ్గెను. మరుసటి యేట, అనగా పదునేడేండ్ల ప్రాయమున, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతముమీద ఉపాధ్యాయుడుగా ప్రవేశించెను. ఉద్యోగము చేయుచునే సొంతముగా చదివి పై పరీక్షలు ముగించెను.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు. ముండా భాషలలో చేరినది. మన కోయభాషకు తెలుగుతో దూరపు బంధుత్వమైనను కలదు. సవరకు అదియు లేదు. కాగితము చదువలేనివానికి సంతలోను కచ్చేరిలోను ఏమి జరుగునో అడవి పల్లెలవారికి మేము వేరుగా చెప్పనక్కరలేదు. కొండ దిగి వచ్చు సవరలకు చదువు చెప్పవలెనని పంతులుగారు తలంచిరి. ఇక్కడ ఆయన మావలె తొందరపడలేదు. వారికి తెలుగు నేర్పుటకు ముందు తాను సవర నేర్చుకొనెను. రెండు భాషలును ఎరిగిన యొకనిని తన యింటిలోనే ఉంచుకొని, 1892 ప్రాంతము మొదలు ఒక్కొక్క మాట విని వ్రాసికొనెను. ఆ కాలములో బ్రాహ్మణుని యింట ఈ పని ఎంత వింతయో పెద్దలు ఊహించుకొనగలరు.

తరువాత సవర భాషలో పాఠపుస్తకములు వ్రాసెను. తన సొమ్ముతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతములు తానే ఇచ్చెను. సవర భాషకు అప్పటికి లిపి లేదు గనుక తొలి పుస్తకములను తెలుగు అక్షరములతోనే కూర్చెను. అది సుళువైన పని కాదు. గొంతులో ఊపిరిని క్షణకాలము బిగబట్టి పలుకు ధ్వని యొకటి సవరలో కలదు. మన అక్షరమాలలో దానికి గుర్తే లేదు. ఇటువంటివాటిని చెవితో పట్టుకొనుటకు కొండలలో తిరిగి తిరిగి, ఆయన మన్యపు జ్వరము తెచ్చుకొనెను. జ్వరమునకు మ్రింగిన క్వినైన్ వలన చెవుడు వచ్చెను. మాటలు వినుటకై కొండ ఎక్కిన మనుష్యుడు తన వినికిడినే అక్కడ విడిచిపెట్టి వచ్చెను. అయినను పని మానలేదు.

ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగవచ్చును. బిడ్డ చదువు నేర్చుకొను తీరును దగ్గరగా చూచినవారికి ఇది తెలియును. పిల్లవాడు ఒక అక్షరమును చూచును, దాని ధ్వనిని పలుకును, ప్రక్క అక్షరమును కలుపును, గుణింతపు గుర్తును కూడదీసికొనును. అట్లు తడుముకొనుచు పోయి చివరకు ఒక మాట దగ్గర ఆగును. ఆ మాట వాని తల్లి నోట రోజూ వినునదైతే, వాని కన్నులు వెలుగును. పలకలోనుండి తన యిల్లే పలికినట్లుండును. ఆ మాట వాడెన్నడును విననిదైతే, అంత కష్టపడి చేరిన చోట ఏమియు దొరకదు. అప్పుడు వాడు అక్షరములను పాటవలె వల్లించుట నేర్చుకొనును గాని చదువుట నేర్చుకొనడు. పుస్తకము మూసి అదే మాటను పలకమీద వ్రాయుమనిన యెడల వ్రాయలేడు. మొద్దని మనము వానికి పేరు పెట్టుదుము. సవర బిడ్డలు మొద్దులు కారని పంతులుగారు ఎరుగును. ఇంటి భాషలో చదువుట పట్టుబడిన తరువాత రెండవ భాషకు దారి సులభమగును. అదే అక్షరములు, అదే కలుపుట. మాటలు మాత్రమే క్రొత్తవి.

మద్రాసు ప్రభుత్వమువారు ఈ కృషిని మెచ్చి 1913లో ఆయనకు రావు సాహెబు బిరుదు ఇచ్చిరి. సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడెను. నిఘంటువు వచ్చునాటికి ఆయనకు డెబ్బదియైదేండ్లు.

సవర బడిలో నేర్చిన పాఠమే ఆయనను తెలుగు బడివైపు త్రిప్పెనని మా తలంపు. 1906–07 ప్రాంతమున జె. ఎ. యేట్స్ దొరగారు ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చి, పుస్తకములోని తెలుగును బజారులోని తెలుగును ఒకటి కాకపోవుట ఏలయని అడిగిరి. పంతులుగారు, ఆయన చిన్ననాటి సహపాఠియైన గురజాడ అప్పారావుగారు, పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనతో కలిసి ఈ సంగతిని ఆలోచించిరి. పుస్తకములో వచ్చుచున్నాడు అని యుండును. సర్కారు జిల్లాలలో వస్తున్నాడు అందురు. మన ఖమ్మమువైపు వస్తుండు అందురు. తెలుగు తల్లికి పుట్టిన బిడ్డ సహితము బడిలో అడుగుపెట్టగానే పరదేశి యగుచుండెను. వాడుక భాషలో పాఠములుండవలెనని పంతులుగారు ఊరూర తిరిగి వాదించిరి. 1919లో తెలుగు అను మాసపత్రికను నడిపిరి. పండితులనేకులు ఎదిరించిరి. ఆ తగవు పెద్ద కథ, ఇక్కడ వ్రాయము. ఈ పత్రికలో మేము వ్రాయు తెలుగును ఆయన చూచినయెడల నవ్వుదురేమో! బైబిలు భాషకు అలవాటుపడిన చేయి తిరుగుట కష్టము. ప్రసంగము మాత్రము ఇప్పుడు ఇంటి మాటలలోనే చేయుచున్నాము.

1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి దానిలో చేరెను. అది తగదని వాదించిన పంతులుగారు, యాబదియేండ్లకు పైగా కాపురమున్న ఊరును విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న మరణించిరి. కుమారుడు సీతాపతిగారు సవర భాషాకృషిని కొనసాగించిరి. పంతులుగారి పుట్టినదినమును ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొందురు. సవర భాష మాట ఆ సభలలో అంతగా వినబడదు.

మన ప్రాంతమున గూడ ఇటువంటి పని జరుగకపోలేదు. 19వ శతాబ్దములోనే దుమ్ముగూడెములోని మిషను దొర జాన్ కెయిన్‌గారు కోయ మాటలను సేకరించి అచ్చువేయించిరి. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది భాషలలో గిరిజన బిడ్డలకు మొదటి తరగతుల పుస్తకములు వేయించగా, వాటిలో సవరయు కోయయు ఉండెను.

మా రాత్రి బడిలో ఇప్పుడు మొదటి దినమున అక్షరములు వ్రాయించము. బిడ్డలు తమ యింటి మాటలు చెప్పుదురు, మేము నల్లబల్లమీద వ్రాయుదుము. లోను అని ఒకడు చెప్పును. కోయలో అది ఇల్లు. ఏరు అను మాటను మేమే అడిగి చెప్పించుకొందుము. ఈ సంవత్సరము పిల్లలు పెరిగిరి గనుక పలకలు ఆరు తక్కువైనవి. ఇండ్లలో ఊరక పడియున్న పలకలను వచ్చే ఆదివారము ఆరాధనకు తెచ్చినయెడల తీసికొందుము, పగిలినవైనను ఫరవాలేదు.