డెనిస్ బర్కిట్: ఒక కన్ను, దూరదృష్టి

ఒంటికంటితో వ్యాధి జాడ కనిపెట్టిన వైద్యుని జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచుతున్నాము.

డెనిస్ బర్కిట్ 1911లో ఉత్తర ఐర్లండ్‌లోని ఎనిస్కిలెన్‌లో జన్మించారు. పదకొండవ ఏట రాతిదెబ్బకు ఒక కన్ను పోయింది. అయినను డబ్లిన్‌లో వైద్యవిద్య నభ్యసించి, యుగాండాలో శస్త్రవైద్యులైనారు. 1957లో కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో దవడలు వాచిన బాలుని పరీక్షించారు. కొద్ది వారాలకే జింజాలోనూ అట్టి బిడ్డనే చూచి, ఇది యాదృచ్ఛికం కాదని గ్రహించారు. 1961లో ఇద్దరు మిత్రులతో పాతకారులో సుమారు 10,000 మైళ్ళు తిరిగి, వేడిమి, వానలు హెచ్చుగా గల ప్రాంతాలలోనే ఆ కణితి ప్రబలినదని నిరూపించారు.

ఆ ఏడే లండనులో ఆయన ప్రసంగం విన్న ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అనువారితో కలిసి 1964లో ఆ కణితి కణాలలో కొత్త హెర్పిస్ వైరస్‌ను కనుగొన్నారు. లాలాజలం ద్వారా గొంతు చేరే ఈ వైరస్ అక్కడి పైపొర కణాలలోనికీ, రక్తంలోని బి కణాలలోనికీ ప్రవేశిస్తుంది. అన్ని రకాలదీ ఒకే నడవడి కాదు. చైనా దేశపు ముక్కు-గొంతు క్యాన్సర్ రోగి నుండి లభించిన ఎం81 రకం పైపొర కణాలలోనికి సులువుగా చొరబడుతుంది. బి95-8 రకం బి కణాలనే ఎక్కువగా ఆశ్రయిస్తుంది.

బర్కిట్ 1993లో పరమపదించారు. ఖరీదైన పరికరాలు లేనిచోట సైతం, రోగిని శ్రద్ధగా చూచుటయే పరిశోధనకు తొలిమెట్టని ఆ జీవితం మాకు నేర్పినది.