గగనవిహారి శాంటోస్ డుమాంట్

పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు ఒక్కొక్క పేరే చెబుతూ పోతారు: కాకి, పావురం, గ్రద్ద. ఎగిరేదాని పేరు వినగానే అందరూ వేలెత్తాలి. ఎగరనిదానికి వేలెత్తినవాడు ఓడిపోయినట్లు, పందెం చెల్లించుకోవాలి. మన పల్లెల్లో అరుగులమీద కూర్చుని పిల్లలు ఆడుకునే ఆటే ఇది. నూటనలభై ఏళ్ళ క్రితం బ్రెజిల్ దేశంలోని ఒక కాఫీతోటలోనూ పిల్లలు ఈ ఆట ఆడేవారు. వారిలో ఒక బక్కపలుచని బాలుడు, మనిషి పేరు చెప్పినప్పుడు కూడా తప్పకుండా వేలెత్తేవాడు. తక్కినవారు గేలిచేసేవారు. పందెం చెల్లించమంటే అతడు ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. ఆ బాలుడే అల్బెర్టో శాంటోస్ డుమాంట్.

అల్బెర్టో 1873 జూలై 20న బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి హెన్రిక్ ఇంజనీరు. కాఫీతోటల పెంపకంతో గొప్ప సంపన్నుడయ్యాడు. పంటను చేరవేయడానికి తోటలోనే రైలుమార్గం ఉండేది. పన్నెండేళ్ళకే అల్బెర్టో అక్కడి రైలింజను నడిపేవాడు. సెయింట్ జాన్ పండుగ వచ్చిందంటే కాగితంతో చిన్న చిన్న వేడిగాలి బుడగలు చేసి రాత్రివేళ ఆకాశంలోకి వదిలేవాడు. మిగిలిన కాలమంతా ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ నవలలతో గడిచేది.

ఆకాశయానం కవులకు కొత్తది కాదు. వాల్మీకి పుష్పకాన్ని నడిపాడు. పింగళి సూరన కళాపూర్ణోదయంలో రంభా నలకూబరులను విమానమెక్కించి ద్వారకమీదుగా విహరింపజేశాడు. అయితే ఆ విమానం ఎలా లేచిందో చెప్పవలసిన బాధ్యత కవికి లేదు. వెర్న్ నవలల్లోని వాహనాలకు మాత్రం ఇంధనమూ బరువూ లెక్కలూ ఉంటాయి. ఆ లెక్కలు చదివిన బాలుడు, కోరినవైపు నడిపించగల ఆకాశనౌకలు ఐరోపాలో అప్పటికే తిరుగుతున్నాయని నమ్మాడు.

తండ్రి ప్రమాదంలో గాయపడి పక్షవాతానికి గురికావడంతో తోటను అమ్మివేశారు. 1891లో కుటుంబం పారిస్ వెళ్ళింది. మరుసటి ఏడాది తండ్రి కుమారునికి ఆస్తిలో వాటా ముందుగానే పంచి ఇచ్చి, పారిస్‌లో భౌతిక, రసాయన, యంత్ర శాస్త్రాలు చదువుకొమ్మని చెప్పాడు. ఆ ఏడే ఆయన మరణించాడు.

పారిస్‌లో యువకునికి ఆశాభంగమే ఎదురైంది. అక్కడ ఆకాశనౌకలు లేవు. 1783లో మోంగోల్ఫియే సోదరుల వేడిగాలి బుడగ మనుషులను మోసుకుని పైకి లేచిన మాట నిజమే. కాని బుడగ గాలి ఎటు వీస్తే అటే పోతుంది. 1852లో హెన్రీ జిఫార్డ్ ఆవిరియంత్రాన్ని, 1884లో రెనార్డ్, క్రెబ్స్ అనే సైనికాధికారులు విద్యుత్ మోటారును బిగించి చూశారు. ఆ యంత్రాల బరువే వారికి అడ్డమైంది. అప్పుడప్పుడే వస్తున్న పెట్రోలు యంత్రం తేలికైనదే. కాని మండే స్వభావంగల హైడ్రోజన్ సంచికింద నిప్పురవ్వలు చిమ్మే యంత్రాన్ని వేలాడదీయడం ఆత్మహత్యతో సమానమని పెద్దలు హెచ్చరించారు. శాంటోస్ డుమాంట్ తన మూడుచక్రాల మోటారుబండిని ఒక చెట్టుకొమ్మకు తాళ్ళతో వేలాడదీసి యంత్రాన్ని నడిపి చూశారు. నేలమీద కంటే గాలిలోనే అది తక్కువగా అదిరింది. ఆయనకు ధైర్యం వచ్చింది.

1898 జూలైలో ఆయన తన మొదటి బెలూన్‌కు మాతృదేశం పేరే పెట్టి ఎగిరారు. దాని పరిమాణం 113 ఘనపు మీటర్లు మాత్రమే. అంత పలుచని జపాను పట్టు మనిషిని మోయలేదని తయారీదారులే అనుమానించారు. పట్టుపోగు బలం చూపుకు అందేది కాదని మహదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాల్లో దసలి పట్టుతో పని చేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. అదే ఏడు సెప్టెంబరులో 25 మీటర్ల పొడవున, దోసకాయ ఆకారంలో, పెట్రోలు యంత్రంతో మొదటి ఆకాశనౌక సిద్ధమైంది. సెప్టెంబరు 18న చూడవచ్చినవారి మాట విని గాలివాలున బయలుదేరి చెట్లలో చిక్కుకున్నారు. రెండు రోజుల తరువాత తనకు తోచినట్లే గాలికి ఎదురుగా లేచి, పారిస్ ఆకాశంలో కోరినవైపు మళ్ళారు. దిగేటప్పుడు మాత్రం వాయువు కుంచించుకుని సంచి నడుమకు మడతపడింది. నౌక వేగంగా పడిపోసాగింది. కింద మైదానంలో కొందరు కుర్రవాళ్ళు పతంగులు ఎగురవేస్తున్నారు. వేలాడుతున్న మోకు పట్టుకుని గాలికి ఎదురు పరుగెత్తమని ఆయన పైనుంచి కేకవేశారు. పతంగి ఎగరేసేవారికి అంతకుమించి చెప్పవలసిన పని లేదు. వాళ్ళు మోకు లాగి పరుగెత్తారు. పడే వేగం తగ్గింది, ఆయన ప్రాణం దక్కింది.

పారిస్ శివారులోని సెయింట్ క్లౌడ్ నుంచి బయలుదేరి, ఈఫిల్ టవర్‌ను చుట్టి, 30 నిమిషాల్లో తిరిగి వచ్చినవారికి లక్ష ఫ్రాంకులు ఇస్తానని 1900లో డాయిష్ ద లా మ్యూర్త్ అనే ధనికుడు ప్రకటించాడు. రానూపోనూ సుమారు 11 కిలోమీటర్ల దూరం. 1901 జూలైలో చేసిన ప్రయత్నం ఒక ధనికుని తోటలోని చెట్టుమీద ముగిసింది. పొరుగు భవనంలో నివసిస్తున్న బ్రెజిల్ రాకుమారి ఇసాబెల్, చెట్టుమీద ఉన్న తన దేశస్థునికి భోజనం పంపించింది. 1888లో బ్రెజిల్‌లో బానిసత్వాన్ని రద్దుచేసే శాసనంపై సంతకం చేసిన మహిళ ఆమే. ఆగస్టు 8న జరిగిన ప్రమాదం అంత తేలికైనది కాదు. వాయువు కారి సంచి సడలింది. తీగలు పంఖాకు చుట్టుకోబోతే యంత్రాన్ని ఆపక తప్పలేదు. నౌక ఒక హోటలు కప్పుకు తగిలి పెద్ద శబ్దంతో పేలిపోయింది. ఆయన గోడవారన వేలాడుతుంటే అగ్నిమాపక సిబ్బంది తాళ్ళతో పైకి లాగారు. ఆనాడే ఆరవ నౌక నిర్మాణానికి ఉత్తరువిచ్చారు.

1901 అక్టోబరు 19 మధ్యాహ్నం ఆ ఆరవ నౌక ఈఫిల్ టవర్‌ను పది నిమిషాలలోపే చేరి చుట్టింది. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి వీచింది. యంత్రం ఆగిపోయేటట్లు మూలిగింది. ఆయన చుక్కాని విడిచి యంత్రాన్ని సరిచేసుకుని మళ్ళీ సాగారు. గమ్యం మీదుగా దాటేసరికి 29 నిమిషాల 30 సెకన్లు. అయితే కింది మనుషులు మోకు అందుకునేసరికి నిమిషం పైబడి గడిచింది. గడువు మీరిందని కొందరు న్యాయనిర్ణేతలు వాదించారు. పారిస్ ప్రజలు ఆయన పక్షం వహించారు. చివరికి నవంబరులో బహుమతి ఆయనకే దక్కింది. అందులో ఒక్క ఫ్రాంకు కూడా ఆయన ఉంచుకోలేదు. తన పనివారికి కొంత ఇచ్చి, మిగిలినది నగరంలోని పేదలకు పంచారు. పనిముట్లు తాకట్టు పెట్టుకున్న కూలీలు ఎందరో వాటిని విడిపించుకున్నారు.

ఆ తరువాతి కాలమంతా పండుగే. ఆకాశంలో రెండు చేతులకూ పని ఉంటే జేబుగడియారం తీసి చూడటం కష్టమని చెప్పగా మిత్రుడు లూయి కార్టియే ఆయనకు చేతిగడియారం చేసి ఇచ్చాడు. తొమ్మిదవ నౌకను వీధిలో దించి, ఇంటి గుమ్మం ముందు నిలిపి, కాఫీ తాగి మళ్ళీ ఎగిరిపోయేవారు. 1903లో ఐదా ద అకోస్టా అనే యువతికి మెలకువలు నేర్పి ఆ నౌకను అప్పగించారు; ఆమె ఒంటరిగా నడిపింది. 1906లో బరువైన విమానం వైపు మళ్ళి, నవంబరు 12న పారిస్‌లో ప్రజల సమక్షంలో 220 మీటర్లు ఎగిరారు. అమెరికాలో రైట్ సోదరులు 1903 డిసెంబరులోనే ఎగిరినా ఐరోపా కంటికి కనిపించిన తొలి విమానం ఇదే. రైట్ సోదరులు పేటెంట్ల కోసం న్యాయస్థానాలకెక్కారు. శాంటోస్ డుమాంట్ మాత్రం వెదురుబొంగులతో కట్టిన తన చిన్న విమానం నమూనాను ఎవరైనా చేసుకోవచ్చని విడిచిపెట్టారు. ఆదిలాబాద్ అడవుల్లో పెరిగే వెదురువంటిదే ఆ దేహానికి ఆధారం!

ఆ పండుగలో ఒక ముల్లు ఆయన చేతనే నాటుకుంది. 1903 జూలైలో ఫ్రెంచి సైనిక కవాతు మీదుగా ఆకాశనౌకలో విహరించి, అమెరికా ఖండాల దేశాలతో తప్ప మరే దేశంతో యుద్ధం వచ్చినా తన నౌకలను ఫ్రాన్సుకు ఇస్తానని ప్రభుత్వానికి లేఖ రాశారు. అప్పటికి అది కృతజ్ఞతతో చేసిన వాగ్దానం.

జర్మనీలో కౌంట్ జెప్పెలిన్ 1900లోనే 128 మీటర్ల పొడవున, లోహపు చట్రంతో బ్రహ్మాండమైన నౌకను ఎగురవేశాడు. 1910 నుంచి అటువంటివి ప్రయాణికులను కూడా మోశాయి. 1914లో యుద్ధం మొదలైంది. 1915 జనవరి 19 రాత్రి జెప్పెలిన్ నౌకలు ఇంగ్లండు తీరపట్టణాలమీద, మే 31న లండన్ మీద బాంబులు కురిపించాయి. యుద్ధం ముగిసేలోగా ఆకాశనౌకల దాడుల్లో బ్రిటన్‌లో ఐదు వందలమందికి పైగా మరణించారు. నిప్పంటించే తూటాలు వచ్చాక ఆ నౌకలు కూడా ఆకాశంలోనే మంటలై కూలాయి. ఫ్రాన్సు సముద్రతీరంలో దూరదర్శినితో నక్షత్రాలు చూసుకుంటున్న శాంటోస్ డుమాంట్‌ను ఇరుగుపొరుగువారు జర్మన్ గూఢచారిగా అనుమానించారు. ఇల్లు సోదా చేశారు; తప్పు తెలుసుకుని క్షమాపణ కోరారు. ఆ అవమానంతో ఆయన తన కాగితాలను చాలావరకు తగులబెట్టారు. ఆకాశయాన చరిత్రకు తీరని నష్టమది.

అప్పటికే నరాల వ్యాధి వల్ల 1910లో ఎగరడం మానుకున్నారు. 1926లో, గగనతలాన్ని యుద్ధానికి వాడరాదని నిషేధించవలసిందిగా నానాజాతి సమితిని అభ్యర్థించారు. ప్రయోజనం లేకపోయింది. 1928 డిసెంబరులో ఓడలో స్వదేశం చేరుతుండగా మిత్రులు కొందరు విమానంలో స్వాగతం పలకడానికి వచ్చారు. ఆ విమానానికి పెట్టిన పేరు ఆయనదే. అది ఆయన కళ్ళెదుటే సముద్రంలో కూలి అందరూ మరణించారు. స్వాగతోత్సవాలు వద్దని ఆయన అంత్యక్రియలకు వెళ్ళారు. 1930 అక్టోబరులో అవిభక్త భారతదేశంలోని కరాచీకి బయలుదేరిన ఆర్ 101 అనే బ్రిటిష్ ఆకాశనౌక ఫ్రాన్సులో కూలి 48 మంది మరణించారు. కరాచీలో దానికోసం కట్టిన మహాశాల ఖాళీగా మిగిలింది.

1932 జూలైలో బ్రెజిల్‌లోనే అంతర్యుద్ధం రేగింది. సావో పావులో రాష్ట్రంలో తిరుగుబాటుదారులమీదికి ప్రభుత్వ విమానాలు బయలుదేరాయి. సోదరులమీద సోదరులు బాంబులు వేస్తున్న ఆ రోజుల్లో ఆయన అదే రాష్ట్రపు సముద్రతీరంలో, దీర్ఘవ్యాధితో, తీవ్రమైన మనోవ్యథతో ఉన్నారు. ఏభైతొమ్మిదవ పుట్టినరోజు గడిచిన మూడవనాడు, జూలై 23న, తన ప్రాణం తానే తీసుకున్నారు. కారణాన్ని ప్రభుత్వం చాలాకాలం బయటపెట్టలేదు.

ఆయన పుట్టిన ఊరికి ఆయన పేరే పెట్టారు. రియో డి జనీరో నగరంలో ఒక విమానాశ్రయం ఆయన పేరుతోనే ఉంది. దేహాన్ని భద్రపరచిన వైద్యుడు గుండెను వేరుచేసి రహస్యంగా దాచి, 1944లో ప్రభుత్వానికి అప్పగించాడు. బంగారు గోళంలో ఉంచిన ఆ గుండె రియోలోని వైమానిక దళపు మ్యూజియంలో ఉంది.