తంతి వేగమునకు పేరైన ఎమిల్ బోదో

శాస్త్రలోకమున కొందఱి పేర్లు గ్రంథములలో నిలిచియుండును. మఱికొందఱి పేర్లు కొలమానములై నిత్యవ్యవహారమున వినవచ్చుచుండును. వోల్టు, ఆంపియరు, వాట్టు అని పలుకు విద్యార్థి తెలియకయే ముగ్గురు శాస్త్రజ్ఞులను స్మరించుచున్నాడు. తంతివార్తల వేగమును కొలుచు ‘బాడ్’ అను మానము సైతము అట్టిదే. అది ఫ్రాన్సు దేశమందలి ఒక వ్యవసాయదారుని కుమారుని పేరు.

ఎమిల్ బోదో 1845 సెప్టెంబరు 11వ తేదీన మాన్యో అను పల్లెలో జన్మించెను. గ్రామములోని ప్రాథమిక పాఠశాలలో నేర్చినదే అతని చదువు. కొంతకాలము తండ్రితో పొలము పనులు చేసి, 1869లో తంతి తపాలా శాఖలో చేరి పని నేర్చుకొనసాగెను. 1870 నాటి ప్రష్యా యుద్ధమున కొలదికాలము సేవచేసి, 1872లో పారిస్ నగరమున తన ఉద్యోగమునకు మరలివచ్చెను.

ఆ కాలమున మోర్సు పద్ధతి ప్రబలియుండెను. అందు ఒక్కొక అక్షరమునకు ఒక్కొక నిడివి. ఇంగ్లీషు ‘ఇ’కి ఒక చుక్క చాలును, ‘క్యూ’కు మూడు గీతలును ఒక చుక్కయు కావలయును. నిడివి సమానముగా లేని యక్షరములను యంత్రముచే అచ్చువేయించుట కష్టము. అదియునుగాక, తంతి మోయగల వేగము మనుష్యుని చేతివేగముకంటె చాల అధికము. ఒక్క గుమాస్తా వార్త పంపుచున్నంతసేపు తంతిశక్తిలో పెద్దభాగము వ్యర్థమగుచుండెను.

శాఖవారు బోదోకు హ్యూస్ అచ్చుతంతి యంత్రముపై కొన్ని నెలలు శిక్షణ నిప్పించిరి. పిమ్మట అతడు ఉద్యోగవేళలు ముగిసినవెనుక, తన సొంత కాలమున, ఈ రెండు చిక్కులకును ఒక్క పరిష్కారమును వెదకెను. ప్రతి యక్షరమునకును సరిగా ఐదు సంకేతములు. ప్రతి సంకేతమునకు రెండే స్థితులు. రెండును ఐదుమారులు హెచ్చించిన 32 వచ్చును. ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరమాలలకు అది చాలును. ఐదు సంకేతముల లిపిని జర్మనీ దేశపు గౌస్, వెబర్ అను పండితులు మునుపే ఎఱుగుదురు. ఒకే తంతిని పలువురకు వంతులవారీగా పంచిపెట్టు చక్రమును మేయర్ అనునతడు 1871లో రూపొందించియుండెను. వీని నన్నిటిని కూర్చి పనిచేయు నొక్క యంత్రమును నిర్మించుటయే బోదో ఘనత. 1874 జూన్ 17వ తేదీన అతడు దానికి పేటెంటు పొందెను.

గుమాస్తా యెదుట ఐదు మీట లుండును. రెండు ఎడమచేతికి, మూడు కుడిచేతికి. తంతికి రెండు కొనలయందును చక్రములు ఒకే వేగముతో తిరుగుచుండును. చక్రము తన వంతునకు వచ్చు క్షణమున యంత్రము టిక్కుమని హెచ్చరించును. ఆ లయను తప్పక గుమాస్తా మీటలు నొక్కవలయును. నలుగురు గుమాస్తాలు నాలుగు వార్తలను ఒకే తంతిపై నడపుచుండ, ఆవలి కొనయందు నాలుగు కాగితపు పట్టీలపై అక్షరములు అచ్చుపడుచుండును.

1877 నవంబరులో పారిస్, బోర్డో నగరముల నడుమ ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చెను. 1878 పారిస్ ప్రదర్శనమున దానికి స్వర్ణపతకము లభించెను. కాని కీర్తి వచ్చినంతగా ధనము రాలేదు. శాఖ ఇచ్చినది స్వల్పము. పరిశోధనకు అతడు తఱచు సొంతసొమ్మే వెచ్చించెను. 1880లో ఆ స్వర్ణపతకమునే అమ్ముకొనవలసివచ్చెను. 1882లో అతనికి ఇన్స్పెక్టరు ఇంజనీరు పదవి లభించెను. ఇటలీ 1887లోను, హాలండు 1895లోను, జర్మనీ 1900లోను అతని పద్ధతిని స్వీకరించెను. 1903 మార్చి 28వ తేదీన, తన 57వ యేట, పారిస్ చెంతనున్న సో పట్టణమున బోదో కన్నుమూసెను.

పూర్వము తంతివేగమును నిమిషమునకు ఇన్ని మాటలని లెక్కించెడివారు. మాటలు పొట్టివి, పొడుగువి యుండును గనుక ఆ కొలత నిలుకడ లేనిది. అందువలన 1926లో అంతర్జాతీయ తంతి సలహాసంఘము బోదో పేర ఒక మానమును ఏర్పఱచెను. సెకనుకు ఎన్ని కనిష్ఠ సంకేతములు పంపబడునో అన్ని బాడ్‌లు. బోదో చక్రము నిమిషమునకు 180 మారులు, అనగా సెకనుకు 3 మారులు తిరుగునని కొందము. నలుగురు గుమాస్తాల అక్షరసంకేతములు 4, 5, 3 హెచ్చించగా 60. తరువాతికాలపు టెలిప్రింటరు వేగము 50 బాడ్. అందు ఒక్క సంకేతము సెకనులో యాబదవ వంతు నిలుచును. ఒక్క యక్షరమునకు ఆది, అంత్య సంకేతములతో కలిసి ఏడున్నర సంకేతములు కావలయును. కనుక నిమిషమునకు 400 అక్షరములు నడచును.

ఇచ్చట విద్యార్థులు తఱచు పొరపడు విషయ మొకటి కలదు. బాడ్ వేఱు, బిట్టు వేఱు. సంకేతమునకు రెండే స్థితులున్నపుడు 50 బాడ్ సెకనుకు 50 బిట్లగును. స్థితులు నాలుగైన ఒక్కొక సంకేతము 2 బిట్లను, పదునాఱైన 4 బిట్లను మోయును. 600 బాడ్ వేగముగల మోడెములలో ఒక రకము సెకనుకు 1200 బిట్లను, మఱియొక రకము 2400 బిట్లను పంపుటకు కారణ మిదియే.

ఈ సూత్రము గ్రహించిన పిమ్మట పాత లెక్కలను కొత్త మానములలోనికి మార్చుట సుకరము. టెలిఫోను గొంతును సెకనుకు 8000 మారులు కొలిచి, ప్రతికొలతను 8 బిట్లలో వ్రాసిన 64,000 బిట్లు, అనగా 64 కిలోబిట్లు వచ్చును. అట్టి మార్గములు 32 చేర్చిన సెకనుకు 2,048 కిలోబిట్లు, అనగా 2.048 మెగాబిట్లు. ప్రసారపు లెక్కలలో కిలో అనగా 1000 మాత్రమే, 1024 కాదు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, అదే మార్గము సెకనుకు 256 కిలోబైట్లను మోయును. 50 బాడ్ టెలిప్రింటరు వేగముతో పోల్చిన అది 40,960 రెట్లు.

ఇట్టి లెక్క వేయునపుడు ఉపాధ్యాయుడు విద్యార్థిని మొదట అడుగవలసిన ప్రశ్న యొకటే: సంకేతమునకు స్థితు లెన్ని? బోదో మీటకు రెండే, నొక్కుట, నొక్కకుండుట.