ఆస్టెనైట్ పేరు వెనక ఉన్న మనిషి

304, 316 పైపులకి అయస్కాంతం అంటుకోదని మనలో వెల్డింగ్ చేసే ప్రతివాళ్లకీ తెలుసు. వాటిని ఆస్టెనిటిక్ స్టీలు అంటారు. అది ఒక మనిషి పేరు మీద వచ్చిందని, డిప్లొమా చదివిన మాకే చాలా ఏళ్లు తెలీదు. శాన్ రామన్‌లో ఉంటూ సైట్ల మీద తిరిగే మేం ఈసారి ఆయన గురించే రాద్దామనుకున్నాం.

ఆయన విలియం చాండ్లర్ రాబర్ట్స్. 1843లో లండన్‌లో పుట్టారు. 1865లో నాణేలు కొట్టే రాయల్ మింట్‌లో థామస్ గ్రాహం దగ్గర సహాయకుడిగా చేరారు. వాయువులు ఒకదాన్లోకి ఒకటి ఎలా పాకుతాయో కొలిచినాయనే ఈ గ్రాహం. 1869లో గురువు పోయారు. గట్టి లోహంలోకి ఇంకో లోహం పాకుతుందా అన్నది శిష్యుడు పట్టుకున్నారు. 1885లో కుటుంబంలో ఒక పెద్దాయన కోరిక మీద పేరు చివర ఆస్టెన్ కలుపుకున్నారు. లేకపోతే మన స్టీలుకి ఏం పేరొచ్చేదో!

మింట్ ఉద్యోగం ఆయనకి కలిసొచ్చింది. బంగారం ఎంత కొంచెం ఉన్నా లెక్క తేల్చడం అక్కడ రోజూ చేసే పని. సీసం కడ్డీ అడుగున బంగారం పెట్టి, సీసం కరగనంత వేడిలో రోజుల తరబడి ఉంచారు. తర్వాత కడ్డీని ముక్కలు కోసి, ఏ ముక్కలో ఎంత బంగారం ఉందో తేల్చారు. సీసం కరగకుండానే బంగారం పైకి పాకింది. 1896లో రాయల్ సొసైటీలో ఈ లెక్కలు చెప్పారు. అక్కడితో ఆగకుండా, మామూలు గది వేడిలో సీసానికి బంగారం అదిమిపెట్టి నాలుగేళ్లు వదిలేశారు. అప్పుడూ కాస్త లోపలికి దిగింది. నాలుగేళ్లు! మన దగ్గర జాయింట్ చల్లారకముందే ఇన్‌స్పెక్షన్ ఎప్పుడని అడుగుతారు.

మన జాయింట్‌లో పాకేది కార్బన్. బాయిలర్లలో వాడే క్రోమ్-మోలీ పైపుని స్టెయిన్‌లెస్‌కి అతికామనుకోండి. బాగా వేడి మీద నడిచే లైన్‌లో ఏళ్లు గడిచేకొద్దీ కార్బన్ క్రోమియం ఎక్కువున్న వైపు జరుగుతుంది. చిన్న అణువు కదా, ఇనుము సందుల్లోంచి దూరిపోతుంది. వదిలిన వైపు మెత్తబడుతుంది, చేరిన వైపు సన్నటి గట్టి పట్టీ కడుతుంది. పైగా రెండు స్టీళ్లూ వేడికి ఒకేలా సాగవు. ప్లాంటు ఆపి మళ్లీ నడిపిన ప్రతిసారీ లాగుడంతా ఆ గీత మీదే పడి, చివరికి అక్కడే పగులుతుంది. అందుకే అలాంటి చోట 309 కాకుండా నికెల్ రాడ్ వాడతారు. నికెల్‌లోకి కార్బన్ అంత తేలిగ్గా పోదు, దాని సాగుడు కూడా రెండు స్టీళ్లకీ మధ్యలో ఉంటుంది.

మా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక సైట్లో 309 అయిపోయిందని చేతికందిన ఎమ్మెస్ రాడ్ ఇచ్చి ఎస్సెస్ జాయింట్ వేయించాం. పూస అందంగానే వచ్చింది. చల్లారాక నిలువునా చీలింది. అది కార్బన్ పాకడం వల్ల కాదు, లోహాలు కలిసి అక్కడికక్కడే పెళుసైపోయింది. తిట్లు మాత్రం వెల్డర్‌కి పడ్డాయి, రాడ్ ఇచ్చిన మాకు కాదు. ఆ రోజే చీలింది కాబట్టి బతికిపోయాం. పదేళ్ల తర్వాత చీలే జాయింట్ పక్కన అప్పుడు ఎవరు నిలబడి ఉంటారో! మార్టినెజ్, రిచ్‌మండ్ రిఫైనరీల్లో షట్‌డౌన్ పనికి వెళ్లేవాళ్లు రాడ్ నంబరు వెల్డింగ్ ప్రొసీజర్‌తో సరిచూసుకోండి. తేడా ఉంటే సూపర్‌వైజర్‌ని నిలదీయండి, మాలాంటివాళ్లనైనా సరే.

ఆస్టెన్ గారు తర్వాత ఇనుము-కార్బన్ పటం గీశారు. డిప్లొమాలో మనం బట్టీపట్టిన పటానికి మొదటి రూపాల్లో అదొకటి. 1899లో సర్ బిరుదు వచ్చింది. 1902 నవంబరులో లండన్‌లో పోయారు. ఎర్రగా కాలిన స్టీలులో కార్బన్ కరిగి ఉండే స్థితికి ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్లోరిస్ ఓస్మాండ్ ఆయన పేరు పెట్టారు. నికెల్ కలిపిన 304లో ఆ స్థితి చల్లారాక కూడా అలాగే నిలుస్తుంది.