మోనే పూలతోట

ముందు నీళ్లు, ఆ తర్వాతే పూలు. ఈ సంగతి కాలువ కింద ఊళ్లవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 1852లో ఆనకట్ట పూర్తయి ఉండకపోతే ఇవాళ కడియం నర్సరీల్లో ఇన్ని రంగులెక్కడివి? నేను ధవళేశ్వరం వాణ్ణి. అంచేత ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే జీవితం చదువుతూంటే, బొమ్మలకంటే ముందు ఆయన నీళ్ల తగాదాయే నన్ను పట్టుకుంది.

మోనే 1840లో పారిస్‌లో పుట్టి, లె హావ్ర్ రేవులో పెరిగాడు. చదువుకునే రోజుల్లోనే ఊరి పెద్దమనుషుల మీద వ్యంగ్యచిత్రాలు గీసి అమ్ముకునేవాడు. బూదాఁ అనే చిత్రకారుడు ఆయన్ని ఆరుబయటికి లాక్కుపోయి, ఎండలో కూర్చుని బొమ్మ వెయ్యడం నేర్పాడు. 1872లో ఆ రేవులోనే ఒక సూర్యోదయం వేశాడు. 1874 ప్రదర్శనలో దాని పేరు పట్టుకుని ఒక విమర్శకుడు ఎగతాళి చేస్తే, ఆ ఎగతాళే ఇంప్రెషనిజం అని ఒక ఉద్యమానికి పేరై కూర్చుంది! పేరైతే వచ్చింది గాని డబ్బు రాలేదు. అప్పుల్లోనే 1879లో భార్య కామీల్ పోయింది.

1883లో జివెర్నీ అనే పల్లెలో ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. 1890కి దాన్ని కొనగలిగాడు. 1893లో రైలుపట్టాల అవతల స్థలం కొని, పక్కనున్న ఏటిపాయ నీళ్లు మళ్లించి కలువకొలను చేస్తానన్నాడు. రైతులు అడ్డం తిరిగారు. పరదేశపు మొక్కలు నీళ్లని పాడుచేస్తే మా గొడ్లేం తాగుతాయని వాళ్ల భయం. దీన్ని పల్లెటూరి మూఢత్వం అని తీసిపారేసేవాళ్లున్నారు గాని నేను ఒప్పుకోను. పైవాడు తూము కదిపితే కిందివాడికి నిద్రపట్టదు. మన కాలువల్ని కమ్మే గుర్రపుడెక్క కూడా పరదేశం నుంచి వచ్చిన అందమైన పువ్వే కదా! చివరికి మోనే జిల్లా అధికారికి అర్జీలు పెట్టి అనుమతి సంపాదించాడు.

ఇక తోటే ఆయన లోకం. 1900లో వేసిన ఐరిస్ పూల బొమ్మ చూడండి. దగ్గరగా చూస్తే పువ్వంటూ ఉండదు, ఊదా, గులాబి రంగుల కుంచె దెబ్బలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే చెట్ల సందున ఎండ దిగుతుంది, పూల వరసలు లేచి నిలబడతాయి. రంగుల్ని పక్కపక్కన పెట్టి, కలిపే పని మన కంటికి వదిలేశాడన్నమాట. కొలను కోసమే ఒక తోటమాలి ఉండేవాడు. రోడ్డు దుమ్ము కలువాకుల మీద పడుతోందని మోనే సొంత ఖర్చుతో తారు పోయించాడు.

అలాంటివాడికి కంటికే తెగులు వచ్చింది. 1911లో రెండో భార్య, 1914లో పెద్దకొడుకు పోయారు. ఈ మధ్యలో, 1912లో, శుక్లాలని తేల్చారు. రంగులు పచ్చబడి, మసకబారి కనిపించేవి. రంగుగొట్టాల మీది పేర్లు చూసుకుని బొమ్మ వేసేవాడు. యుద్ధం దగ్గరికొచ్చినా ఊరు వదల్లేదు. రెండేసి మీటర్ల ఎత్తు కలువచిత్రాలు మొదలుపెట్టి, 1918లో యుద్ధం ఆగిన మర్నాడే కొన్నిటిని దేశానికిస్తానని మిత్రుడు క్లెమెన్సోకి రాశాడు. 1923లో ఒక కంటికి ఆపరేషనయింది. ఇప్పుడు అంతా నీలంగా కనిపించడం మొదలెట్టింది! ఏ చూపుని నమ్మాలి? కొన్ని దిద్దాడు, కొన్ని చింపేశాడు. మన రాజమండ్రి దామెర్ల రామారావు 1925లో ఇరవయ్యెనిమిది నిండకుండానే మశూచితో పోయాడు. మోనేకి ఎనభయ్యారేళ్లు దక్కాయి గాని, ఆఖరి బొమ్మలు చాలుననుకోవడానికి ఆయనకి అవీ చాలలేదు.

1926 డిసెంబరు 5న పోయేదాకా ఆ చిత్రాల్ని చేతులు దాటనివ్వలేదు. మర్నాటి ఏడు పారిస్‌లో ఒరాంజెరీలో వాటిని రెండు కోడిగుడ్డు ఆకారపు గదుల్లో పెట్టారు. మొదట్లో వచ్చి చూసినవాళ్లు తక్కువే. జివెర్నీ తోటా పాడుబడింది. కొలను పూడింది, వంతెన కుళ్లింది. మళ్లీ తవ్వి, కొత్త వంతెన కట్టి 1980లో జనానికి తెరిచారు. కొలనుకి నీళ్లు మాత్రం ఇప్పటికీ ఆ ఏటిపాయవే.